శ్రమదినాల తోటకూర

ఆ రోజుల్లో విజయవాడలో వసంతం ఉండేదా అని ఎవరైనా అడిగితే ఉండేదనే చెబుతాను. మాఘమాసం చివర్లో ఓ పది పన్నెండు రోజులు, దుప్పటి మడిచి లోపల పెట్టేశాక, ఫ్యాను పూర్తిగా పెంచకముందు. ఆ కాలంలో వయసులో ఉన్నవాళ్ళు ప్రేమలో పడతారని విన్నాను. నన్ను మాత్రం మా మేనత్త విత్తనాల్లో పడేసింది. (నేను పుట్టుకతోనే అలసిపోయిన మనిషినని మా అమ్మ అనేది. అందులో అబద్ధమేమీ లేదు. కూర్చునే వీలుంటే నిలబడను, పడుకునే వీలుంటే కూర్చోను.)

డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షల కోచింగ్ పేరు చెప్పి పటమటలో అత్తయ్య ఇంట్లో ఉన్న ఏడాది అది. అంతకు ముందు వానాకాలంలోనే మావయ్య పోయారు. ఉన్నన్నాళ్ళూ ఆయన మేడ మీద కోడిజుట్టు పూలు పెంచేవారు. ముఖమల్ గుడ్డని కుచ్చిళ్ళు పెట్టినట్టుండే ముదురెరుపు పూలు. ఈస్టర్ తెల్లవారుజామున పామర్రు దగ్గర సమాధుల తోటకి వెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నల సమాధుల మీద అవే పెట్టేవారు. ఇప్పుడు ఆయన సమాధీ వాళ్ళ పక్కనే ఉంది. "మొదటి ఈస్టరే ఇది. ఆయన పువ్వు ఆయనకి పెట్టకపోతే నేను మనిషినేనా?" అంది అత్తయ్య. అలా అడిగితే నాలాంటి బద్ధకస్తురాలైనా లేవక తప్పదు.

మావయ్య దాచిన విత్తనాలు బీరువా మీద రెండు బామ్ సీసాల్లో ఉన్నాయి. ఒకదాంట్లో కోడిజుట్టు, ఇంకోదాంట్లో తోటకూర. తోటకూర ఆయన నోట పెట్టేవారు కాదు, అత్తయ్యకి ఇష్టమని పెంచేవారంతే. ఏది ఏదో మాత్రం పైన రాయలేదు. రెండిట్లోనూ ఆవగింజలో సగం కూడా లేని నల్లటి గింజలే, నిగనిగలాడుతూ. అత్తయ్య రెండు అరచేతుల్లోనూ పోసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసి, తీసేసి చూసి, "ఇదే. దీనికి మెరుపెక్కువ" అని తేల్చేసింది. రెండోది తోటకూరేగా అని సీసా మొత్తం కింది వాటాలో ఉండే ఖాలాకి ఇచ్చేసింది. (ఆవిడ మాకు చుట్టం కాదు. వాళ్ళ అక్క పిల్లలు పిన్నిని అలా పిలుస్తుంటే విని నేనూ ఖాలా అనేదాన్ని.)

ఈస్టర్‌కి ముందు నలభై రోజులనీ మేం శ్రమదినాలంటాం. ఆ మాటకి పూర్తి అర్థం ఆ ఏడాది నాకే దక్కింది. గింజల్ని ఇసుకలో కలిపి టీ కప్పుల్లో, పెరుగు డబ్బాల్లో చల్లాం. చీమలు పట్టకుండా చుట్టూ పసుపు పోశాం. మా బాల్కనీకి ఎదురుగా పక్కింటి గోడ, ఎండ పొడ తగలదు. మేడ మీద పొద్దుటి ఎండ మంచిదే గానీ, కాస్త పొద్దెక్కిందంటే మొలకలు వేగిపోతాయి. అందుకని లేవగానే కప్పులన్నీ పళ్ళేల్లో సర్దుకుని పైకి, కాఫీ తాగి మళ్ళీ కిందికి. లిఫ్టు లేదు. మెట్టుకో "అబ్బా" అనేదాన్ని. "పాతికేళ్ళు లేవు, ఆ మూలుగేంటే?" అని ఖాళీ చేతులతో నా వెనకే ఎక్కుతూ అత్తయ్య. మొక్కలు కాస్త ఎదిగాక పెయింటు డబ్బాల్లోకి మార్చి మేడ మీదే ఉంచేశాం. హమ్మయ్య అనుకున్నాను. మర్నాటి నుంచి నీళ్ళ బకెట్లు మొదలయ్యాయి.

నాకైతే మొదట్లోనే అనుమానం వచ్చింది. ఆ ఆకుని ఎక్కడో చూశాను, అదీ పులుసులో.

"అత్తయ్యా, ఇది తోటకూరలా లేదూ?"

"కాడ ఎర్రగా ఉంది చూడు. పువ్వు రంగు కాడలోనే తెలిసిపోద్ది. ముదరనీ."

వారం తర్వాత అడిగినా "ముదరనీ" అనే. పెళ్ళయిన దగ్గర్నుంచీ తోటకూర తరుగుతున్న మనిషికి ఆ ఆకు తెలియదా? తెలిసే ఉంటుంది. ఒప్పుకుంటే ఆయన పువ్వు లేదని కూడా ఒప్పుకోవాలి కదా. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నేను నా నడుము గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. మధ్యలో ఓసారి ఖాలా పైకొచ్చి, "అక్కా, మీ తోటకూర బానే వచ్చింది గానీ ఎంత ఉడికించినా పీచేనండీ. మా ఆయన నములుతా కూర్చున్నాడు" అంది. "నీళ్ళు చాలినట్టు లేవు" అంది అత్తయ్య, వేరేవైపు చూస్తూ.

ఈస్టర్ ఇంక వారమే ఉందనగా, మట్టల ఆదివారం నాడు ప్రార్థన అయ్యాక నేరుగా మేడెక్కాం. మొక్కలన్నీ మోకాలెత్తున నిలబడి, కొసల్లో ఆకుపచ్చ కంకులు వేసి ఉన్నాయి. అచ్చంగా తోటకూర కంకులు. అత్తయ్య నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూలబడింది. "ముదిరిందే" అని, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మావయ్య పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందాయా లేదా అని చూసుకున్న మనిషి ఆవిడ. ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకూ ఏడుపొచ్చేసింది. అప్పుడు, కోచింగ్‌లో ఒక్కనాడూ పనిచెయ్యని నా బుర్ర ఉన్నట్టుండి పనిచేసింది.

"అత్తయ్యా! మనది తోటకూరైతే, మరి ఖాలా వండేదేంటి?"

ఆ రోజు మెట్లు దిగినంత వేగంగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. ఖాలా చేతిలో గరిటెతో తలుపు తీసింది. విషయం విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "యా అల్లా! ఉన్నదంతా నిన్ననే పప్పులో వేసేశానండీ. భాయి పువ్వునా అక్కా నేను వండుకు తిన్నది?" అని ఆవిడా ఏడుపు మొదలెట్టింది. ఇద్దరిలో ఎవర్ని ఓదార్చాలో తెలియక నేను గుమ్మంలోనే చతికిలబడ్డాను. కాసేపటికి ఖాలా ముక్కు తుడుచుకుని, "ఒక్కటుండాలి. కాడ మరీ బండగా ఉందని కొయ్యలేదు" అంటూ మమ్మల్ని వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పగిలిన తొట్టిలో ఒకే ఒక్క మొక్క. దాని నెత్తిన బొటనవేలంత ఎర్రటి కుచ్చు. అత్తయ్య దాన్ని వేలితో నిమిరి, "ఆయనదే" అంది.

శనివారం పామర్రు మీదుగా వెళ్ళే బందరు బస్సెక్కాం. తొట్టి నా ఒళ్ళోనే. (ఇంకెవరి ఒళ్ళో ఉంటుంది?) "ఏంటండీ అది, తోటకూరా?" అన్నాడు కండక్టరు. "కాదు బాబూ, మా ఆయన పువ్వు" అంది అత్తయ్య, బస్సంతా వినపడేలా. మర్నాడు చీకటితోనే సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, తొట్టిని మావయ్య తలవైపు పెట్టాం. చుట్టూ సమాధుల మీద బుట్టలకొద్దీ బంతులూ గులాబీలూ ఉన్నాయి. మా బొటనవేలంత పువ్వు వాటి మధ్య అసలు కనపడనే లేదు. అయినా అత్తయ్య మొహం వెలిగిపోయింది. అప్పుడు సంచిలోంచి ఓ తోటకూర కట్ట తీసి పువ్వు పక్కన పెట్టింది. "ఇది కూడా మీరు దాచిందేనండీ, నా కోసం. ఉన్నన్నాళ్ళూ ఒక్క ముద్ద తిన్నారు కాదు. ఇప్పుడు వద్దనండి చూస్తాను" అంది. నవ్విందో ఏడ్చిందో ఆ కొవ్వొత్తుల వెలుగులో నాకు సరిగ్గా తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను.

తొట్టి మళ్ళీ నా ఒళ్ళోనే ఇంటికొచ్చింది. పువ్వూ కంకులూ ఎండాక ఆ రెండు రకాల గింజలూ మళ్ళీ ఆ రెండు బామ్ సీసాల్లోకే చేరాయి. ఇప్పుడవి మంగళగిరిలో మా ఇంట్లో ఉన్నాయి. మా అపార్టుమెంటుకి లిఫ్టు ఉంది. మాఘమాసం వచ్చేసరికి అది ఎలాగోలా చెడిపోతుంది. కప్పుల పళ్ళెం పట్టుకుని మెట్టుకో "అబ్బా" అంటూ ఎక్కుతుంటే, ఈసారి ఆ మూలుగులో నటన ఏమీ లేదని మోకాళ్ళు సాక్ష్యం చెబుతున్నాయి. "సీసాల మీద పేర్లు రాసుకోవచ్చుగా?" అంటారు మా ఆయన ప్రతి ఏడూ. రాయొచ్చు. మొన్న అత్తయ్య ఫోన్ చేసింది.

"ఏమేవ్, ఏది మొలిచింది?"

"తెలీదత్తయ్యా. కాడ ఎర్రగానే ఉంది."

"ముదరనీ," అంది.