దివిసీమ ఓడిపోయిన సంగతి

మా నాన్న అవనిగడ్డలో ముప్పై ఏళ్ళు సోషల్ మాస్టారుగా చేశారు. నేను బందరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, పక్క సీటు అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంటే ఆయన అడిగింది ఒక్కటే.

"ఏ ఊరు?"

"వరంగల్ నాన్నా."

నాన్న కళ్ళజోడు తీసేశారు. "ఓరుగల్లా!"

ఎనిమిది వందల ఏళ్ళ కిందట దివిసీమ ఓ చిన్న రాజ్యం. ఓరుగల్లు రాజు దండెత్తి వచ్చి గెలుచుకున్నాడు. సిలబస్‌లో లేకపోయినా నాన్న ఏటా ఈ పాఠం చెప్పేవారు. నిన్నో మొన్నో జరిగినట్టు బల్ల గుద్ది మరీ చెప్పేవారు.

అబ్బాయి తల్లిదండ్రులు మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు, యుద్ధం ఊసెత్తనని అమ్మ నాన్న చేత ఒట్టు వేయించుకుంది. పప్పన్నం దాకా ఓర్చుకున్నారు. పులుసు వడ్డించేసరికి ఇక ఆగలేకపోయారు.

"ఇదిగోనండీ, కృష్ణ. ఇటో పాయ, అటో పాయ. మధ్యలో మేము," అంటూ విస్తట్లో అన్నాన్ని వేలితో చీల్చి పులుసు పారించారు. "మీవాళ్ళు ఇట్నుంచి దిగారు." వంకాయ ముక్కలు ఏనుగులై కదిలాయి.

అమ్మ తలపట్టుకుంది. నేను వంటింటి గుమ్మంలో బిగుసుకుపోయాను.

వియ్యంకుడు కాబోయే పెద్దాయన మాత్రం తినడం ఆపి శ్రద్ధగా విన్నాడు. "ఎన్ని దినాలు కొట్లాడిన్రు?"

"ఆ వివరం దొరకలేదండీ. గట్టిగానే పోరాడి ఉంటారు."

"ఓడిపోయాక మన రాజు ఏమయ్యాడండీ?" అంది అమ్మ. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఈ ప్రశ్న అడగడం అదే మొదలు.

నాన్న గొంతు తగ్గింది. "ఏమవుతాడు? ఇద్దరు కూతుళ్ళనీ ఆ రాజుకే ఇచ్చాడు. కొడుక్కి అక్కడే ఏనుగుల సేనాపతి ఉద్యోగం."

"అంటే సంబంధం కుదిరిందన్నమాట! ఈ ముక్క ఎప్పుడూ చెప్పరేం?"

అందరం పగలబడి నవ్వాం. నాన్న మొహం ఇంత చిన్నదైంది.

పెద్దాయన ఒక్కడే నవ్వు ఆపుకుని, నాన్న వైపు తిరిగాడు. "బావగారు, అప్పుడు మావోళ్ళు చేసింది తప్పే. మన్నించున్రి."

వెక్కిరింపేమో అని అందరం ఆయన మొహంలోకి చూశాం. కాదు. నాన్న వంకాయ ఏనుగుల్ని విస్తరి చివరికి జరిపారు. జీవితమంతా కోప్పడ్డారుగానీ, ఎవరైనా వచ్చి క్షమాపణ చెబుతారని ఎప్పుడూ అనుకోలేదు.

"అయ్యయ్యో, అంత మాటెందుకండీ," అన్నారు చివరికి. "మావాళ్ళు కూడా రేవుల దగ్గర సరిగ్గా కాపలా పెట్టి ఉండరు."

పెళ్ళయ్యాక నాన్న మొదటిసారి వరంగల్ వెళ్ళారు. కోట రాతి తోరణాల కింద చాలాసేపు తలెత్తి నిలబడ్డారట. పక్కన వియ్యంకుడు గొడుగు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడట. సాయంత్రం నాకు ఫోన్ చేశారు.

"చూశానమ్మా. ఇంత కోట కట్టినవాళ్ళ చేతిలో ఓడిపోవడం మరీ అంత పరువు తక్కువేం కాదులే."