వెనక్కి తిరిగిన చెవి

గుర్రాన్ని గీసేటప్పుడు నేను ముందు కన్ను గీస్తాను. తల పొడవు, మెడ వంపు, ముందుకాళ్ల ఎత్తు అన్నీ దాని నుంచి కొలుచుకుంటూ పోవడం నా పద్ధతి. ఇరవై రెండేళ్లు యంత్రభాగాల డ్రాయింగులు గీసి, ఆ ఉద్యోగం మానేశాక మడికొండలో మా ఇంటి వెనుక గదిలో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఎక్కువగా కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్ల కుక్కలు, ఎప్పుడైనా ఒక గుర్రం. ఫొటో ఒక్కటే చూసి వేయను. జంతువును టేపుతో కొలిచి, మూడు ఉదయాలు దాని ఎదుట నిలబడి స్కెచ్చులు తీసుకుంటాను.

మట్టెవాడ నుంచి వచ్చిన పెద్దాయన పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని నడిపించేవాడు. మోకాళ్లు అరిగిపోవడంతో, పదిహేనేళ్లుగా పెంచిన తెల్ల ఆడగుర్రాన్ని మరిపెడలోని మేనల్లుడికి అప్పగించబోతున్నాడు. అది వెళ్లిపోయాక చూసుకోవడానికి ఆయనకు ఒక బొమ్మ కావాలి.

"కండ్లు మాత్రం పెట్టకుండ్రి సార్. మాది నమాజు చదివే ఇల్లు. కండ్లున్న బొమ్మ గోడకు ఉంచం."

"బరాత్‌ల కట్టే గంతలు ఏస్త చాచా. కండ్లు కనవడయి."

"గంత కింద కన్ను ఉన్నట్టే గద! నన్నంటే మోసం జేస్తరు, పైనోన్ని జేస్తరా?" అని నవ్వి, మళ్లీ గంభీరమయ్యాడు. "కండ్లు లేకున్నా అది నా గుర్రమే అని నాకు ఎరుక కావాలె. అయితదా?"

అవుతుందన్నాను. కన్ను లేనప్పుడు గుర్రం ధ్యాసను తెలిపేవి చెవులే. అది దేన్ని గమనిస్తే చెవి అటు తిరుగుతుంది. మూడు ఉదయాలూ పెద్దాయన కళ్లెం పట్టుకుని ఎదుటే నిలబడ్డాడు. రెండు చెవులూ ముందుకే ఉన్నాయి. స్కెచ్చుల్లోనూ, ఫోన్‌లో తీసిన ఫొటోల్లోనూ అంతే.

తల వేసిన ఉదయం, చేతులు కడుక్కుని వచ్చి చూసేసరికి కాన్వాసు మీద ఎడమ చెవి వెనక్కి తిరిగి ఉంది. కోణమానిని పెట్టి చూశాను. స్కెచ్‌కూ దానికీ నలభై డిగ్రీల తేడా. రెండు డిగ్రీలు తప్పినా నా చేతికి తెలుస్తుంది. తడి రంగును చాకుతో గీకేసి, ఫొటోను పక్కన క్లిప్పుతో బిగించి, ప్రతి గీతనూ సరిచూసుకుంటూ మళ్లీ వేశాను. రెండడుగులు వెనక్కి జరిగి చూశాను. చెవి మళ్లీ వెనక్కే ఉంది. కొలిస్తే నలభై. కుంచె జాడలు నిస్సందేహంగా నావే. గదిలో నేను తప్ప ఎవరూ లేరని నాకు నేను రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది. మూడోసారి గీకలేదు.

రంగు ఆరాక, గుర్రం బయలుదేరడానికి ముందురోజు పెద్దాయన వచ్చాడు. ఎడమ చెవి తప్పుపడిందని నేనే ముందు చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, స్టూలు మీద కూర్చున్నాడు.

"తప్పు గాదు సార్. మా ఇంటామె నానవెట్టిన శనగలు తెచ్చేది. ఎడమ దిక్కు ఎనకకెల్లి వచ్చేది. గామె అడుగు సప్పుడు ఇంటె ఈ చెవి గిట్లనే మలిపేది. నాకు ఎన్నడన్న మలిపిందా? కుళ్లుకుంటుంటి నేను."

ఆయన భార్య చనిపోయి రెండేళ్లయిందని నాకు అప్పుడే తెలిసింది.

"గిది ఎప్పుడు ఏసిండ్రు?"

"పొద్దుగాల. ఆరు, ఆరున్నర నడుమ."

"శనగలు వెట్టే యాల్ల," అన్నాడు. గది చుట్టూ చూడలేదు. నేల వైపే చూస్తూ, "ఇంటికి రాకపాయె. ఈడికొచ్చిందా?" అని అడిగాడు.

బల్ల మీది కోణమానిని తీసి సొరుగులో పెట్టేశాను.

ఆయన మేనల్లుడికి ఫోన్ చేశాడు. "బండి తేకు బేటా. ఆఁ, మోకాళ్లు నొస్తున్నయి. నొయ్యనీ. నాకేం ఫికర్ లేదు. గుర్రం ఈన్నే ఉంటది. అది పోతె దానితోటి ఇంకొకలు గూడ పోతరు."

బొమ్మను దుప్పట్లో చుట్టి ఆటో దాకా తెచ్చాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని సీటుకు కుడి చివరన, సగం బయటికి వచ్చేలా కూర్చున్నాడు. ఎడమవైపు అంతా ఖాళీ.

"చాచా, జర అటు జరుగు, పడ్తవ్!" అన్నాడు ఆటోవాడు. "గంత జాగ ఉంచినవ్, ఇంకెవలన్న వస్తరా?"

"ఇద్దరం ఎక్కినం," అన్నాడు పెద్దాయన. "నువ్వు మెల్లగ పోనియ్యి."