ఒక బండి, ఇద్దరు ఓనర్లు, డుమస్ దాకా మూడు పెట్రోల్ పంపులు

కొండలూ కోటలూ చూపించే స్తోమత ఈ బ్లాగుకు లేదు. వంద రూపాయల పెట్రోలు ఎంత దూరం తీసుకెళ్తే నా ప్రయాణం అంత దూరం. ఈసారి సూరత్‌లో మేముండే లింబాయత్ నుంచి డుమస్ సముద్రం దాకా వెళ్లాను. గంటలోపు చేరాల్సిన దారికి రెండు గంటలకు పైగా పట్టింది. ట్రాఫిక్‌ను తిట్టుకునేరు, పాపం దాని తప్పేమీ లేదు. తప్పంతా అప్పటికి నా చేతికి కూడా రాని ఒక క్రెడిట్ కార్డుది.

సంగతేమిటంటే, రింగ్ రోడ్ మీద ఒక బట్టల మార్కెట్ మెట్ల పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చునే బ్యాంకు అమ్మాయి శుక్రవారం నన్ను ఆపింది. నెలకు పెట్రోలు ఎంత కొట్టిస్తారని అడిగి, నా జవాబు విని జాలిపడి, రెండు కాగితాలు చేతిలో పెట్టింది. మొదటి కార్డు ఒకే కంపెనీ పంపుల్లో వాడితే పాయింట్లు బాగా ఇస్తుంది, మిగతా చోట్ల సున్నా. రెండో కార్డు ఏ పంపులో గీకినా ఇస్తుంది గానీ పిసినారిలా ఇస్తుంది. పోగైన పాయింట్లతో మళ్లీ పెట్రోలే కొట్టించుకోవచ్చు. సోమవారం పొద్దున ఏ కార్డో తేల్చి సంతకం పెట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఆ పెట్రోలు నా ఒక్కడిదీ కాదు, ఆ బండీ నా ఒక్కడిదీ కాదు.

బండి నాదీ, మల్లన్నదీ. మల్లన్నది సిరిసిల్ల దగ్గర మా పక్క ఊరు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, మా గల్లీలోనే ఉంటాడు. పాండెసరాలో మగ్గాల మీద రాత్రి షిఫ్టు. నేను సలాబత్‌పురాలో నూలు దుకాణం తరఫున మిల్లులకు శాంపిళ్లు తిప్పుతాను, పగటి పని. మా మగ్గాలవాళ్లలో ఒకే గదిని పగలు ఒకరు, రాత్రి ఒకరు వాడుకోవడం మామూలే. మేం ఆ పద్ధతిని బండికి పెట్టాం. పాత బండి చెరి సగం వేసుకుని కొని ఏడేళ్లయింది. పొద్దున నాకు, సాయంత్రం అతనికి. ఎవరి చేతికి బండి వస్తే వాళ్లు వంద రూపాయల పెట్రోలు పోయించుకుంటారు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పోయిస్తే అది అవతలివాడి తిరుగుడికి పోతుంది కదా, అందుకని ఇద్దరం మహా జాగ్రత్తపరులం.

మల్లన్నకు నేసిన బట్ట మీటరు లెక్కన కూలీ చేతికిస్తారు, జీతం స్లిప్పు ఉండదు. కాబట్టి కార్డు నా పేరు మీదే రావాలి. ఆ మాట చెప్పగానే అతను బండి స్టాండు తీయబోయి ఆగిపోయాడు.

"అంటే పెట్రోలు ఇద్దరం పోస్తం, పాయింట్లు నీ పేరు మీద వడ్తయన్నట్టు" అన్నాడు. అని, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రెండుసార్లు తాళం చేతులు మారింది గానీ మాట మారలేదు. మా ఆవిడ జ్యోతి ఊరుకుంటుందా? "పాయింట్ల కోసం మనిషిని పోగొట్టుకుంటవా? మల్లన్న బావ నా సగం నాకియ్యుమంటె ఏం జేస్తవ్, బండిని రంపంతోని కోస్తవా?" అంది. నవ్వొచ్చింది గానీ భయం కూడా వేసింది. ఈ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క దోస్తు అతను. అందుకే ఆదివారం మల్లన్నకు సెలవు కనక, డుమస్ దాకా పోదాం, దారిలో పంపులన్నీ చూసి ఇద్దరం కలిసి కార్డు తేలుద్దామని బతిమాలాను. చివరికి సరేనన్నాడు.

తొమ్మిదింటికి బయల్దేరాం. మొదటిది మా పంపే, గల్లీ నుంచి ముప్పావు కిలోమీటరు. అక్కడి కుర్రాడు మా ముఖాలైనా చూడకుండా మిషన్ మీద వంద నొక్కాడు. "ఆగు ఆగు, నిన్నటిది ఇంకా ఉంది, ఇవ్వాళ పెట్రోలు వద్దు, వివరాలు కావాలి" అంటే, ఏడేళ్లలో మేం అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే కాబట్టి కాస్త కంగారుపడ్డాడు. మొదటి కార్డు చెల్లే కంపెనీ పంపు అది. తర్వాత సలాబత్‌పురాలో చాయ్ తాగి, రింగ్ రోడ్ ఎక్కి, అఠ్వా దగ్గర రెండో పంపులో ఆగాం. అది వేరే కంపెనీది, అక్కడ రెండో కార్డే పనికొస్తుంది. గాలి ఉచితం, నీళ్లు చల్లగా ఉన్నాయి. మల్లన్న రెండూ పట్టించుకున్నాడు, నాతో మాత్రం మాట్లాడలేదు.

మూడో పంపు డుమస్ రోడ్ మీద. ఇదీ మొదటి కంపెనీదే. అక్కడున్న పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, మేం మూడు రోజులుగా తిప్పి చూడని కాగితం వెనకవైపు చదివాడు. "భాయ్, ఒక్కసారికి నాలుగు వందలు దాటకపోతే ఈ రెండు కార్డుల్లో దేనికీ పాయింట్లు రావు" అన్నాడు హిందీలో.

ఆ బండి నాలుగు వందల పెట్రోలు ఒక్కసారిగా చూసిన పాపాన పోలేదు. అసలు అంత పడుతుందో లేదో కూడా మాకు తెలియదు.

"నింపి చూద్దామా అన్నా? సగం సగం" అన్నాను. నోరు జారానేమో అనిపించింది.

మల్లన్న ట్యాంకు వంక, నా వంక చూశాడు. "రేపు పొద్దుగాల బండి నీ దగ్గరుంటది గద?"

"పొద్దుమూకితే నీ దగ్గరికే గదనే వచ్చేది."

"సరే, పోయ్‌మను."

అంకెలు పరిగెత్తుతుంటే మల్లన్న నా భుజం పట్టుకున్నాడు. ఐదు వందలు దాటాక "చాలు తియ్, పొంగుతది" అన్నాడు. పొంగలేదు. ఎనిమిది వందల నలభై దగ్గర ఆగింది. తాళం తిప్పాను. అప్పుడు మా బండి మీద, మేం కొన్నప్పటినుంచి అడుగున పడుకునే ఉన్న పెట్రోలు మీటరు సూది మెల్లగా లేచి, పైదాకా వెళ్లి నిలబడింది.

ఆ మీటరు ఖరాబని మేం ఊరంతా చెప్పుకున్నాం. ఒక మెకానిక్‌తో మార్పించడానికి బేరం కూడా ఆడాం. అది ఏడేళ్లుగా నిజమే చెబుతోందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పెద్దాయనకు చెబితే నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మల్లన్న మాత్రం నవ్వలేదు, దారంతా వెనక కూర్చుని నా భుజం మీదుగా ఆ సూదినే చూస్తూ వచ్చాడు.

డుమస్ చేరేసరికి పదకొండు దాటింది. బండి పెట్టడానికి ఇరవై, టమాటా భజియా, అంటే మన బజ్జీల్లాంటివే, ప్లేటు వంద లోపు. ఆదివారం పదికల్లా వస్తే బెంచీ దొరుకుతుంది, మాకు బండి సీటే దిక్కయింది. నల్లటి ఇసుక మీద జనం, ఒంటెలు. నేను జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాను. "అన్నా, పాయింట్లు చెరి సగం. కాయితం మీద రాసి సంతకం పెడ్త" అన్నాను.

మల్లన్న చేతిలోని భజియా ప్లేట్లో పెట్టేశాడు. "ఏడేండ్ల సంది బండి నడుపుకుంటున్నం, ఏనాడన్న కాయితం రాసుకున్నమా? పాయింట్లు నువ్వే ఉంచుకో తమ్మీ. గా సూది జర పైకుంటే చాలు నాకు."

"గట్లంటవేందే?"

"నేను ఎన్నిసార్లు నెట్టిన్నో నీకేమెర్క? నువ్వు బండి ఇస్తవ్. గల్లీ దాటంగనే టక్కున ఆగుతది. పంపు దాక నెట్టుడే. షిఫ్టుకు పోయేసరికి అంగి పిండుకోవాలె."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"ఏం చెప్పాలె? నీకప్పుడే బిడ్డ పుట్టింది. వందకు గునుస్తున్న అనుకుంటవేమోనని ఊకున్న."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అతను అలిగింది పాయింట్ల మీద కాదు, నా మీద. ఇంత మనిషి దగ్గర నేను నోటుబుక్కు తీశాను. నోటుబుక్కు జేబులో పెట్టేసి, ఇక దాచలేక చెప్పేశాను. "అన్నా, నేను గూడ నెట్టిన."

"నువ్వెప్పుడు నెట్టినవ్?"

"పొద్దుగాల. నువ్వు తాళమిచ్చి పండుకున్నంక. గదే గల్లీ, గదే పంపు. రాత్రంత మగ్గం మీద నిలబడ్డోనికి ఏం చెప్తమని ఊకున్న."

మల్లన్న తొడ చరుచుకున్నాడు. "అరె, గా మూల మీది కిరాణం సేటు నన్ను జూసి రోజు పండ్లికిలించేది గిందుకా! పొద్దుగాల ఒకడు, మాపటికి ఒకడు!" అని నవ్వడం మొదలుపెట్టాడు. కారం గొంతుకు పట్టి దగ్గొచ్చింది, నేను వీపు చరుస్తూ నవ్వాను, భజియా బండివాడు అడక్కుండానే నీళ్లు తెచ్చిచ్చాడు. కార్డు సంగతి అక్కడే తేలిపోయింది.

సోమవారం మొదటి కార్డుకే సంతకం పెట్టాను. కార్డు నా జేబులో ఉంటుంది, పది రోజులకోసారి ట్యాంకు నింపడం నా పని, సగం డబ్బు చేతికివ్వడం మల్లన్న పని. ఎవరెక్కువ తిరిగారో ఇద్దరం అడగం. ఇప్పటివరకు పోగైన పాయింట్లకు లీటరు పెట్రోలు కూడా రాదు. అయినా పొద్దున తాళం తిప్పగానే బండి కదులుతుంటే, వందకు ఒక్క రూపాయి ఎక్కువ పోయించకుండా నేను చూపిన ఆ ఏడేళ్ల తెలివి తలచుకుని నా మీద నాకే కోపం వస్తుంది. అది పొదుపు అనుకున్నాను. పక్కవాడి చెమట అని తెలియలేదు.

పెట్రోలు కార్డు తీసుకోవాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. కనీసం ఎంత కొట్టిస్తే పాయింట్లు వస్తాయో కాగితం వెనక చదివాక, ఏది ఎక్కువిస్తుందని బుర్ర బద్దలు కొట్టుకోకండి. బండి ఆగిపోయిన రోజు మీరు నెట్టుకుంటూ చేరగలిగే పంపు ఏ కంపెనీదో చూడండి, ఆ కార్డు తీసుకోండి.