సీసం లేని పెట్రోలు

మా డ్రైవరు సంగతి మొదట నా చెవిన వేసింది మా ఇంటికి రోజూ పూలు తెచ్చే ఆమె. దేవుడి పటాలకు బంతిపూల దండ మూర వేసి కొలుస్తూ, తల ఎత్తకుండానే అంది.

"అక్కా, ఇంటి పక్కనే బంకు ఉండంగ మీ డ్రైవరు హైదరాబాద్ రోడ్డు బంకు దాక ఎందుకు పోతుండు? మూడుసార్లు సూసిన."

"ఏమో, ఏం పనుందో."

"నాకేం తెల్వది. సూసింది చెప్పిన."

తొంభైల చివరి మాట ఇది. మా వారిది బట్టల దుకాణం. కార్బొరేటర్ లేని కొత్త రకం కారు అప్పుడే కొన్నారు. సిద్దిపేటలో అలాంటివి నాలుగో అయిదో ఉండేవి. డ్రైవరు నంగునూరు మనిషి, మా వారికంటే పెద్ద. మగ్గం మానేసి మరమగ్గాల పనికి భివండి పోయి, అక్కడ దగ్గు పట్టుకుని తిరిగొచ్చి, స్టీరింగు నేర్చుకున్నాడు. మా కొలువు పోతే ఆయనకు మళ్లీ భివండే గతి.

మర్నాడు అడిగాను. "గాడనే సీసం లేని పెట్రోలు దొరుకుతదమ్మా. గీ బండికి గదే పోయాలె" అన్నాడు.

నేను బడికి పోలేదు. నాయిన ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలూ పద్యాలూ నేర్పాడు. సీసం అంటే నాకు తెలిసింది సీసపద్యం. సీస అంటే మా దిక్కు సీసా. పల్లెల్లో కిరాణా కొట్ల ముందు సీసాల్లో పెట్రోలు అమ్మడం అందరూ చూసిందే. నా మనసు సీసా మీదికే పోయింది. మా పెట్రోలు తీసి సీసాల్లో అమ్ముకుంటున్నాడు, నోరు జారి ఆ మాట బయటపెట్టుకున్నాడు, ఇప్పుడు సర్దుకుంటున్నాడు అనుకున్నాను.

ఆ రోజే కారులో కూర్చుని పక్క బంకుకు పోనిమ్మన్నాను.

"అమ్మా, గీ బంకుల గది లేదు. షోరూమోళ్లు గట్టిగ చెప్పిన్రు."

"షోరూమోళ్లు వచ్చి నడుపుతరా మన బండి? ఇగ మీద గీడనే. నా ముందర."

ఆయన దిగి ట్యాంకు మూత తీశాడు. నా కళ్లు తెరిపించినందుకు ఆ సాయంత్రం దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

రెండు నెలలు తిరిగేసరికి పెట్రోలు ఇదివరకటి కంటే బాగా ఎక్కువ పట్టడం మొదలైంది. వెనక నల్లటి పొగ. ఇక నాకు అన్నీ సాక్ష్యాలే. ఒకరోజు ఆయన తువ్వాల తీగ మీద ఆరేస్తే దగ్గరికి పోయి వాసన చూశాను. పెట్రోలు వాసనే. మా కారు పక్కన ఎవరు నిలబడినా అదే వాసన వచ్చేదన్న సంగతి అప్పుడు తోచలేదు.

మా వారితో చెప్పాను. "సోమవారం నుంచి రావద్దని చెప్త. దానికంటే ముందు బండిని మెకానిక్ ఉస్తాద్‌కు సూపెట్టు. ఏమేం పాడు చేసిండో తెలుస్తది" అన్నారు.

శనివారం డ్రైవరే నన్ను మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాడు, తన మీద నేరం రుజువు చేయడానికని తెలియక. ఉస్తాద్ ప్లగ్గు విప్పి చూపించాడు. మసి కట్టి ఉంది.

"పెట్రోలు ఎవ్వలు తీస్తలేరమ్మా. ఇంజనే తాగుతున్నది."

వీళ్లిద్దరూ ఒకటేనేమో అనిపించింది. "ఎట్ల నమ్మాలె?" అన్నాను.

"నమ్మకు. సూడు."

సైలెన్సర్ పైపుకు మరతో బిగించిన చిన్న సెన్సార్ చూపించాడు. ఇంజన్లో గాలి ఎక్కువైందా, పెట్రోలు ఎక్కువైందా అన్నది పొగను బట్టి చెప్పేది అదేనట. దాని వైరుకు ముల్లు మీటరు తగిలించాడు. సెన్సార్ మంచిదైతే ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉండాలి. ఈ ముల్లు అట్టడుగునే ఉండిపోయింది. పెట్రోలు ట్యాంకుకు తిరిగిపోయే పైపును నొక్కిపట్టాడు. ఇంజన్లోకి పెట్రోలు ఎక్కువై పొగ ఇంకా నల్లబడింది. ముల్లు కదలలేదు.

"గింత పోస్తున్నా సాల్తలేదు సాల్తలేదనే చెప్తున్నది. ఇంజన్ నమ్మి ఇంకింత పోస్తున్నది."

సెన్సార్ విప్పి మసి తుడిచాడు. కింద బూడిదరంగు పెంకు కట్టి ఉంది.

"ఏ బంకుల పోయించిన్రు?"

డ్రైవరు నేల చూశాడు. నేనే చెప్పాను.

"గాడ సీసం పెట్రోలే ఉంటదమ్మా. సీసం పడితె గిది సస్తది."

"సీసం అంటె ఏంది?"

"బ్యాటరీ పలకలల్ల ఉంటది సూడు, గదే."

అది సీసాల మాటే కాదు. డ్రైవరు వైపు తిరిగి, "ఇప్పుడు ఉస్తాద్ అడిగినప్పుడన్న చెప్పకపోతివి" అన్నాను.

"మీ ముందర మీ తప్పెట్ల చెప్పాలమ్మా."

ఇంటికి వచ్చాక డ్రైవరు ఎదురుగానే మా వారితో చెప్పాను, బండి పాడు చేసింది నేనని. తువ్వాల వాసన చూసిన సంగతి కూడా దాచలేదు. ఆ సోమవారం డ్రైవరు పనికి వచ్చాడు. ఆ తర్వాత ఆరేళ్లు, దగ్గు ముదిరి మంచం పట్టేదాకా, మా దగ్గరే ఉన్నాడు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఉస్తాద్‌కూ, నా మాట విన్న మా వారికీ నేను రుణపడి ఉన్నాను. డ్రైవరుకు మాత్రం, రుణపడి ఉన్నానన్న మాట ఆయన బతికుండగా చెప్పలేకపోయాను. ఇది చదివిన మీరు, దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు, నంగునూరు నుంచి వచ్చిన ఆ డ్రైవరును ఒక్కసారి తలుచుకోండి.