మీసాల దొర టీముకి నా పాదం

ఉద్యోగం కొత్తగా ఉన్న రోజుల్లో మనిషికి భయం ఏ దిక్కు నుంచైనా రావచ్చు. నాకు ఫ్రాన్సు నుంచి వచ్చింది. అప్పట్లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా మేనేజరు ఫ్రెంచివాడు (తెలుగువాళ్లందరం చాటుగా మీసాల దొర అనేవాళ్లం, అసలు పేరు మాకు నోరు తిరిగేది కాదు). ఒక శనివారం పొద్దున ఆయన ఆఫీసులో మరిచిపోయిన లాప్‌టాప్ ఇవ్వడానికి ఇంటికి వెళ్తే, టీవీలో వాళ్ల ఊరి క్లబ్బు రగ్బీ ఆడుతోంది. కూర్చోమన్నాడు. అప్పటిదాకా ఓడిపోతున్న టీము నేను కూర్చున్నాక గెలిచింది. దొర నా వీపు మీద ఒక్కటి చరిచి, "నువ్వు మాకు అదృష్టం. సీజన్ అయ్యేదాకా శనివారాలు ఇక్కడికే రావాలి," అన్నాడు. నా పాదం మంచిదని మా అమ్మ కూడా ఏనాడూ అనలేదు. కానీ నా వీసా ఎక్స్‌టెన్షన్ ఆయన చేతిలో ఉంది, ఆఫీసులో లేఆఫ్‌లు మొదలయ్యాయి. కాదనే ధైర్యం ఎక్కడిది?

ఆ తర్వాత ఆ టీము గెలవడమే మరిచిపోయింది. నాకు అర్థమైనంతలో రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కే అందించాలి, అలా అందిస్తూనే ముందుకి పోవాలి (గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాడికి ఇదేమీ వింతగా తోచలేదు). మధ్యమధ్య రెండు వైపుల వాళ్లూ తలలు దూర్చి దున్నపోతుల్లా నెట్టుకుంటారు. నెట్టుకున్న ప్రతిసారీ వెనక్కి వచ్చేది మావాళ్లే. ('మావాళ్లు' అనడం ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు.) ఎండలో ఓడారు, బురదలో ఓడారు, సొంత మైదానంలో సొంత జనం ముందూ ఓడారు. పాయింట్ల పట్టికలో వాళ్లు కిందికి జారేకొద్దీ సోమవారం మీటింగుల్లో దొర నా ముఖం చూడటం మానేశాడు.

"ఆయనకు ఐరన్ లెగ్ అన్న ముచ్చట తెల్వది కాబట్టి బతికినవ్ రా," అన్నాడు కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్, పప్పుకి తాలింపు వేస్తూ. "ఈ వారం పోకు. జరమొచ్చిందని చెప్పు."

వెళ్లలేదు. ఆ రోజు అంతకుముందెన్నడూ లేనంత చిత్తుగా ఓడారు. "నువ్వు రాలేదు, అందుకే," అన్నాడు దొర. ఇక దేవుడే దిక్కని గుడికి వెళ్లి, క్లబ్బు పేరు మీద అర్చన చేయించాను.

"గోత్రం?" అన్నారు పూజారిగారు.

"తెలియదండీ. ఫ్రాన్సు వాళ్లు."

ఆయన కుంకుమ పళ్లెం అందుకుంటూ, "కాశ్యపస గోత్రం అనుకుందాం లెండి," అన్నారు.

అయినా లాభం లేకపోయింది. సీజను ముగిసేసరికి మావాళ్లు అట్టడుగుకి ఒక్క మెట్టు పైన తేలారు. కింది డివిజన్ టీముతో ఒకే ఒక్క మ్యాచ్. గెలిస్తే పై డివిజన్‌లోనే ఉంటారు, ఓడితే కిందికి. ఆఖరి నిమిషంలో గెలిపించాల్సిన కిక్కు గోలు స్తంభానికి తగిలి ఇవతల పడింది. దొర టీవీ కట్టేశాడు. నేను ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాను. వీసా కోసమా, టీము కోసమా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆయన రొట్టె కోసి నా ముందు పెట్టి, "మా నాన్న పోయాక నాతో కూర్చుని చూసినవాడివి నువ్వొక్కడివే," అన్నాడు మెల్లగా.

సోమవారం ఆయన నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచాడు. డెస్కు మీద సామాను బ్యాగులో సర్దుకునే వెళ్లాను.

"రెండో డివిజన్ మ్యాచులు శుక్రవారాలు. మనకు మధ్యాహ్నం అవుతుంది. ఏడాది మొత్తానికీ కాన్ఫరెన్స్ రూమ్ బుక్ చేశాను," అన్నాడు.

"మరి నా ఎక్స్‌టెన్షన్?"

"అదా? చలికాలంలోనే పంపించేశాం. ఎవరూ చెప్పలేదా?"

ఇప్పుడు నేను టెక్సాస్‌లోని కాపెల్‌లో ఉన్నాను, దొర రిటైరై తన ఊరు చేరుకున్నాడు, టీము ఇంకా రెండో డివిజన్‌లోనే ఉంది. మ్యాచ్ అయ్యాక స్టేడియం నుంచి నాకు మెసేజ్ పెడతాడు: "వాన. ఓడిపోయాం. భోజనం బాగుంది." అది చదివి, నెరిసిన జుట్టుతో ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఎన్నడూ చూడని ఊరి ఓటమికి నాకింత దిగులేమిటని నవ్వుకోబోతాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.