ఊగని కుడిచెయ్యి

మా గైడు మేష్టారు పోయారన్న ఫోను వచ్చేసరికి నేను గాజువాక బజారులో వంకాయలు ఏరుతున్నాను. సంచి అక్కడే వదిలేసి కంచరపాలెం ఆటో ఎక్కాను. దారంతా ఏడుపు రావలసింది పోయి నవ్వొస్తోంది. ఆ పాపం మేష్టారిదే.

మా ల్యాబులో కంప్యూటరు తెర మీద ఒక మనిషిని నడిపించేవాళ్ళం. ముఖం లేదు, ఒట్టి ఎముకలే. మేష్టారు వాణ్ణి "బావ" అనేవారు. మనం అడుగు వేసినప్పుడల్లా నేల మనల్ని తిరిగి పైకి తోస్తుంది కదా, ఆ తోపు లెక్క కుదరకపోతే బావ మోకాళ్ళ దాకా కూరుకుపోయేవాడు. లేదంటే సీలింగుకి ఎగిరేవాడు. వాడు తిన్నగా నడవకపోతే నా పీహెచ్‌డీ గోవిందా. మేష్టారు రిటైరైపోతే ఇక నన్ను పట్టించుకునే నాథుడు లేడు.

ఆ తోపును కొలిచే పలక ఒకటి ల్యాబు నేలలో బిగించి ఉంది. దాని మీంచి మామూలుగా నడిస్తే చాలు. మామూలుగా నడవమంటే ఎవరైనా నడుస్తారా? ఒకడు పెళ్ళికొడుకులా నడిచాడు. నేనైతే కాలు సరిగ్గా పలక మీద పడాలని బురదగుంట దాటినట్టు అంగ వేసేదాన్ని. మేష్టారు తల పట్టుకునేవారు.

"నాను నడవమంతన్నాను గానీ నడిసి సూపించమంతన్నానేటమ్మా? నేలకేసి సూడకు. అదెక్కడికీ పోదు."

ఒకరోజు, కెమెరాలు గుర్తుపట్టే తెల్లగోళీలను ఎలా అంటించుకోవాలో చూపిస్తానని తన ఒంటికే అంటించుకున్నారు. ఇంతలో గుమ్మంలోకి టీ వచ్చింది. టీ అంటే ఆయనకు ప్రాణం. గోళీలతోనే వెళ్ళి ఫ్లాస్కు అందుకుని, పంచదార ఎక్కువేశావని క్యాంటీనాయనతో తగువాడుతూ పలక మీంచి నడిచి వచ్చేశారు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. అంత మామూలు నడక మాలో ఎవరూ నడవలేదు.

ఆ కొలతలతో బావ నడిచాడు. కూరుకుపోలేదు, ఎగరలేదు. ఎడమకాలు మాత్రం కాస్త ఈడ్చేవాడు, అది మేష్టారి మోకాలినొప్పి. కుడిచెయ్యి అసలు ఊగేది కాదు.

వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ చెయ్యే ఎందుకు ఊగదని పట్టుకున్నారు. నేను కాగితాలు తిరగేయసాగాను. వెనక కుర్చీలోంచి మేష్టారు లేచారు.

"ఆ సేతిలో ఫ్లాస్కుందండి. ఊపితే టీ ఒలికిపోద్ది."

గదంతా గొల్లున నవ్వింది. ఫ్లాస్కు బరువు లెక్కలో కలిపారా అని పరీక్షకుడు నవ్వుతూనే అడిగారు. కలిపాను. దాన్ని తూచి కలిపేదాకా మేష్టారు నన్ను ఇంటికి పోనిస్తేగా! ఎవరి దగ్గరైనా దాచుకోవచ్చు గానీ నేల దగ్గర బరువు దాచలేమనేవారు. అలా గట్టెక్కాను. ఆయన లేకపోతే ఇప్పటికీ అంగలు వేస్తూనే ఉండేదాన్ని.

కంచరపాలెంలో నలుగురూ ఆయన్ని భుజాలకెత్తుకున్నప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు. కాలు నేలకి ఆనకుండా మేష్టారు కదలడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు టీవేళకి మా పాత ల్యాబుకి వెళ్ళి ఒక్కదాన్నే కూర్చుని బావను నడిపించాను. అడుగు పడినప్పుడల్లా తెర మీది నేలలోంచి ఆ తోపు గుర్తుగా పచ్చటి బాణం ఒకటి లేచి పాదాన్ని పైకి తోస్తోంది. ఎడమకాలు ఈడుస్తూ, కుడిచెయ్యి ఊపకుండా, జాగ్రత్తగా నా వైపే వస్తున్నాడు.

బల్ల మీదున్న ఖాళీ గ్లాసు ముందుకు జరిపాను.