బట్టతల బొమ్మ

బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో మా మాస్టారు ఒక ఇటలీ చిత్రకారుడి సంగతి చెప్పేవారు. ఆయన దేశదేశాల కొలువుల్లో తిరిగి రాజుల, రాణుల బొమ్మలు వేసి బతికాడట. ముక్కు వంకరుంటే సరిచేసేవాడట, మచ్చలుంటే మాయం చేసేవాడట. అందుకే ఏ కొలువులోనూ ఆయనకు పని కరువు కాలేదట. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది. చదువయ్యాక కర్నూలులో చిన్న గది తీసుకుని మనుషుల బొమ్మలు వేయడం మొదలుపెట్టాను.

నాకు దొరికిన మొదటి కొలువు ఆలూరు దగ్గర ఒక పెద్ద రైతు ఇల్లు. ఆయన కొత్తగా ఏదో పదవికి ఎన్నికయ్యారు. హాలులో తన నిలువెత్తు బొమ్మ ఉండాలన్నారు. ఫోటో చాలదా అని అడిగితే, ఫోటోలో ఉన్నది ఉన్నట్టే పడుతుంది కదా అన్నారు. ఆయనకేం కావాలో నాకు అర్థమైపోయింది.

పది రోజులు నా ముందు కూర్చున్నారు. కూర్చున్నారంటే ఫోన్లో మాట్లాడుతూ, పంచాయితీలు తీరుస్తూ, మధ్యలో కునుకు తీస్తూ. నేను ఆయన బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించాను. పొట్ట లోపలికి తోశాను. మీసం ఆయనే రెండుసార్లు పెంచమన్నారు.

బొమ్మ పూర్తయ్యాక తల్లిని పిలిపించారు. ఎనభై దాటిన మనిషి. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"శానా బాగా గీసినావప్పా. ఈయప్ప యా ఊరాయన?"

కొడుకు ముఖం చిన్నబోయింది. అది తనేనని మెల్లగా చెప్పారు.

"నువ్వా? మీ నాయనకు నీ వయసులో ఎంటికలు యాడుండాయి? నిన్ను చూస్తే నాకు ఆయప్పే కనపడతాడు. దీంట్లో కనపడల్యా."

నేను బ్రష్షులు కడగడంలో మునిగిపోయాను. కాసేపటికి ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, ఫోన్ ఆపేసి, ఉండేది ఉండేట్టే గీయమన్నారు.

ఆ తల గీయడానికి మూడు రోజులు పట్టింది. నున్నటి తల మీద వెలుతురు పడే తీరు పట్టుకోవడం జుట్టు గీసినంత సులువు కాదు. తల్లి పక్కనే పీట వేసుకుని కాపలా కాసింది. ఆమె భోజనానికి లేచినప్పుడు ఆయన మీసం వైపు చూపించి వద్దని సైగ చేస్తే, పెంచిన మీసం జోలికి మాత్రం నేను పోలేదు.

తర్వాత చుట్టుపక్కల పెద్ద రైతులెవరూ నన్ను పిలవలేదు. వాళ్ల తల్లులు మాత్రం ఇద్దరు కబురు పంపారు.